అమ్మ పాటలో ఫ్యాను రొద

మా ఇంట్లో బీరువా అడుగు అరలో, అమ్మ పట్టుచీర మడతల మధ్య, రెండు వస్తువులు చాలాకాలంగా దాగి ఉన్నాయి. ఒకటి అరవై నిమిషాల కేసెట్టు. రెండోది పోస్టుకార్డంత ఫొటో. రెండూ పాడయినవే. అయినా పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

కేసెట్టులో మా అమ్మ పాడిన మంగళహారతులున్నాయి. 1986 వేసవిలో మా బావగారు మస్కట్ నుంచి సెలవుకు వస్తూ టేపురికార్డరు తెచ్చారు. రామచంద్రపురంలో మా పెంకుటింటి నడవలో అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, "అత్తయ్యగారూ, మీకు వచ్చినవన్నీ పాడెయ్యండి, నేను పట్టుకుపోతాను" అన్నారు. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. తోచినా ఆ ఉక్కలో ఆపే ధైర్యం ఎవరికుంది? అందుచేత అమ్మ పాడినంతసేపూ ఫ్యాను కూడా పాడింది.

ఆ కేసెట్టులో ఒక చిన్న చిక్కు ప్రశ్న కూడా ఉంది. రెండో పాటకీ మూడో పాటకీ మధ్య అమ్మ ఉన్నట్టుండి, "గూట్లో ఉంది చూడరా" అంటుంది. ఎవరితో అందో, గూట్లో ఏముందో ఇన్నేళ్ళూ మాకెవరికీ తెలీదు. బావగారిని "చూడరా" అనదు గదా!

ఇక ఫొటో మా తమ్ముడిది. 1995లో ఒక పెళ్ళిలో తీసింది. ఫొటోగ్రాఫరు మీట నొక్కే వేళకు ఎవరో పిలిచినట్టున్నారు, తల తిప్పాడు. చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు గాని, ముఖం మటుకు తడి గోడ మీద చెయ్యి రాసినట్టు అడ్డంగా సాగిపోయింది.

1996 నవంబరు 6 మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణాన సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. మా తమ్ముడు సముద్రం దరిని రొయ్యల చెరువు కౌలుకు పట్టాడు. ఆ ఉదయమే చెరువు గట్లు చూసి వస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇంటిమీద పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలో ఆల్బములన్నీ నాని ముద్దయిపోయాయి. పెళ్ళివారి దగ్గర మిగిలిపోయిన ఈ ఒక్క ఫొటోయే తరవాత మా చేతికి వచ్చింది. అప్పటికి వాడి కూతురికి ఎనిమిది నెలలు.

ఆ పిల్ల పెరిగి, చదువుకుని, హైదరాబాదులో ఉద్యోగం చేసి ఇల్లు కొనుక్కుంది. గృహప్రవేశానికి ముందు నా దగ్గరకు వచ్చి, "పెదనాన్నా, హాల్లో నాన్న ఫొటో పెట్టుకుంటాను. ఏదో ఒకటి చెయ్యరూ?" అంది.

నేను ముప్ఫైనాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఫొటోలు బాగుచెయ్యడానికీ లెక్కలకూ సంబంధం ఉందని అప్పటికి విన్నానే గాని, పట్టించుకోలేదు. అందుకని అందరిలాగే స్టూడియోకు పరిగెత్తాను. పేరెందుకు గాని, అతను కంప్యూటరులో ఏదో నొక్కి, టీ చల్లారేలోపల ఫొటో చేతిలో పెట్టాడు. ఆహా, ఏం ముఖం! కళ్ళు తేటగా ఉన్నాయి. మీసం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. ఇంట్లో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మా తమ్ముడి కూతురికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మా మరదలు మాత్రం ఒక నిమిషం చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకూ సందేహం తగిలింది. చిన్నప్పుడు కోతికొమ్మచ్చి ఆడుతూ మామిడిచెట్టు మీంచి పడి, మా తమ్ముడి ఎడమ కనుబొమ్మ చీరుకుంది. అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదు. ఈ ఫొటోలో రెండు కనుబొమలూ కాటుకతో దిద్దినట్టున్నాయి. ముక్కు కూడా మావాళ్ళ ముక్కు కాదు. ఎవరో అందమైనవాడే. మా తమ్ముడు కాడు.

సెలవులకు వచ్చిన మా మనవణ్ణి అడిగాను. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. "తాతయ్యా, ఆ యంత్రం లక్షల ముఖాలు చూసి నేర్చుకుంది. ఇలా మసకగా ఉన్నచోట మామూలుగా మనుషులకు ఏముంటుందో అది వేసేస్తుంది. ఇది బాగుచెయ్యడం కాదు, కొత్తగా రాయడం" అన్నాడు. మరి అసలైన బాగుచెయ్యడం ఎలా అంటే, "లెక్కలు చెయ్యాలి. చేద్దామా?" అన్నాడు. ఆ విధంగా డెబ్భై దాటాక మళ్ళీ పలకా బలపం పట్టాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది, మనం ఒక్క పేరుతో పిలిచే పాడు నిజానికి రెండు రకాలు. ఒకటి రొద. అంటే బయటినుంచి వచ్చి కలిసింది. బియ్యంలో రాళ్ళలాగ. రెండోది మసక. అందులో బయటిదేమీ కలవదు. ఉన్నదే పక్కకు చెదిరిపోతుంది. ముగ్గుగొట్టంతో వేసిన ముగ్గుమీద గాలి కొట్టినట్టు. రాళ్ళు ఏరవచ్చు. చెదిరిన ముగ్గుపిండిని ఏ రేణువును ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి పంపాలంటే గాలి ఎటు వీచిందో, ఎంత వీచిందో తెలియాలి.

రొద సంగతి ముందు చూద్దాం. ఒకే దృశ్యాన్ని నూరుసార్లు ఫొటో తీసి సగటు కడితే, రొద నూరోవంతు కాదు, పదోవంతుకు తగ్గుతుంది. నూరుకు వర్గమూలం పది గదా. మన దగ్గర ఉన్నది ఒక్క ఫొటోయే అయితే, ఒక్కొక్క చుక్కకూ దాని ఇరుగుపొరుగుల సగటు వేస్తారు. ఇది కొంత మేలే. కాని ఒక చిక్కుంది. అయిదు చుక్కల వెలుగులు 52, 50, 255, 51, 49 అనుకోండి. మధ్యది దుమ్ము పడిన చుక్క. సగటు కడితే 91.4 వస్తుంది. ఒక్క దుష్టుడివల్ల అందరూ చెడ్డారు. అదే, వాటిని చిన్నదానినుంచి పెద్దదాకా వరసలో నిలబెట్టి నడిమిదాన్ని తీసుకుంటే 51 వస్తుంది. దుమ్ము మాయం! మా మనవడు దీన్ని "మధ్యగత వడపోత" అన్నాడు. మధ్యగతం నేను పదోతరగతికి ఏటేటా చెప్పినదే. దానివల్ల ఇంత ప్రయోజనం ఉందని పిల్లలకు చెప్పి ఉంటే ఇంకొంచెం శ్రద్ధగా వినేవారు కాబోలు.

కేసెట్టు దగ్గరకు వచ్చేసరికి ఫూరియే అనే ఫ్రెంచి గణితవేత్త సాయం కావలసివచ్చింది. వేడి ఎలా పాకుతుందో వివరిస్తూ ఆయన 1822లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఎంత వంకరటింకర గీతనయినా సాదా అలల మొత్తంగా రాయవచ్చునన్నది అందులో ఆయన పట్టుకున్న కిటుకు. అమ్మ పాట కూడా అంతే. దాన్ని అలలుగా విడదీసి కంప్యూటరు తెరమీద పరిస్తే, ఒక మూల సన్నటి గీతలు నిటారుగా నిలబడ్డాయి. సెకనుకు 50 కంపనాల దగ్గర ఒకటి, 100 దగ్గర ఒకటి, 150 దగ్గర ఒకటి. మన దేశంలో కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగిసలాడుతుంది. ఫ్యాను మోటారు మూలుగు, టేపురికార్డరు తీగల్లో దూరిన గుయ్యిమనే చప్పుడు ఆ లెక్కలోనే ఉంటాయి. అమ్మ గొంతు చాలామటుకు రెండువందలకు పైన. అందుచేత ఆ సన్నటి గీతలను మాత్రం కత్తెరతో కత్తిరించినట్టు తీసేస్తే మూలుగు పోయింది. కళ్ళు మూసుకుని విన్నాను. ఎవరో వెళ్ళి ఫ్యాను ఆపినట్టే ఉంది. నిజం చెప్పవద్దూ, ఒక్క క్షణం ఉక్క పోసినట్టయింది!

అయితే టేపు నడిచేటప్పుడు వచ్చే "స్‌స్‌స్" అనే చప్పుడు ఇలా లొంగదు. అది ఒక్కచోట ఉండదు, అన్ని కంపనాలలోనూ పరుచుకుని ఉంటుంది. దీన్ని రికార్డు చేసేటప్పుడే అణచే ఉపాయం కనిపెట్టిన రే డాల్బీ అమెరికావాడు. 1963 నుంచి 1965 దాకా యునెస్కో తరపున మన దేశంలోనే, చండీగఢ్‌లో పనిచేశాడు. మన సంగీతం రికార్డు చేసుకుంటూ ఉండగానే ఆ చప్పుడు ఆయన్ను వేధించి, ఉపాయం తట్టిందంటారు. మెత్తటి శబ్దాలను ముందే పెంచి టేపు మీద ఎక్కించి, వినేటప్పుడు అంతకు అంతా తగ్గిస్తారు. దానితోపాటు టేపు చప్పుడూ తగ్గుతుంది. మా బావగారి టేపురికార్డరులో ఆ మీట లేదు. కనక మేము మరొక దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఆ దారి వేసినవాడు నార్బర్ట్ వీనర్. రెండవ ప్రపంచయుద్ధంలో శత్రువిమానం మరి కొన్ని క్షణాలకు ఎక్కడుంటుందో, తప్పులతడకగా ఉన్న కొలతలనుంచి ఊహించి ఫిరంగికి చెప్పడం ఎలా అని ఆయన్ను అడిగారు. దానికోసం చేసిన లెక్కలను 1949లో పుస్తకంగా వేశారు. రష్యాలో కొల్మొగొరొవ్ వేరుగా 1941లోనే ఇలాంటి ఫలితం రాబట్టాడు. సూత్రం ఎంత మర్యాదగా ఉంటుందో చూడండి. ఒక్కొక్క అలలో అసలు ఎంత, రొద ఎంత అని అంచనా వెయ్యి. అసలు తొమ్మిది పాళ్ళు, రొద ఒక పాలు అయితే, ఆ అలలో పదింట తొమ్మిదివంతులు ఉంచు. అసలు ఒక పాలు, రొద తొమ్మిదయితే, పదోవంతే ఉంచు. నమ్మదగినవాణ్ణి ఎక్కువ నమ్ము, కానివాణ్ణి తక్కువ నమ్ము, ఎవరినీ పూర్తిగా నెట్టెయ్యకు. ఇదే వీనర్ 1955-56లో కలకత్తా వచ్చి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని నెలలున్నాడు.

అప్పటికే అక్కడ మన తెలుగువారొకరు పేరుపొంది ఉన్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి కలకత్తా చేరారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, ఆయన ప్రచురించిన ఒక వ్యాసంలోని ఫలితం స్వీడన్‌కు చెందిన క్రామెర్ పేరుతో కలిసి "క్రామెర్-రావు హద్దు"గా లోకమంతటా ప్రసిద్ధమైంది. ఆయన నూటరెండేళ్ళు బ్రతికి, 2023లో కాలం చేశారు. ఆ హద్దు చెప్పేది ఇది: నీ చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో దాన్నిబట్టి, ఏ పక్షపాతమూ లేని ఏ పద్ధతీ ఇంతకంటె తక్కువ పొరపాటుతో చెప్పలేదు. ఎంత గొప్ప బుర్రయినా, ఎంత ఖరీదైన యంత్రమయినా సరే. అంతకంటె స్పష్టంగా చెప్పాడంటే, వాడు బయటినుంచి ఏదో తెచ్చి కలిపాడన్నమాట. స్టూడియోవాడి ఫొటోలో ఉన్న ముక్కు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమయింది.

ఇప్పుడు మసక. ఇది మరీ తమాషా అయిన లెక్క. ప్రతి చుక్కా దాని వెలుగులో సగం పక్కవాడికి ఇచ్చేసిందనుకోండి. అసలు చుక్కలు 10, 30, 20. ఫొటోలో కనిపించేవి మొదటి రెండింటి సగటు 20, తరవాతి రెండింటి సగటు 25. మొదటిది 10 అని తెలిస్తే చాలు. ఇరవైకి రెట్టింపు నలభై, అందులో పది పోతే ముప్ఫై. పాతికకు రెట్టింపు యాభై, అందులో ముప్ఫై పోతే ఇరవై. పోయిన బొమ్మ తిరిగి వచ్చేసింది! కాని తొందరపడకండి. ఆ 20కి బదులు రొదవల్ల 21 అని నమోదయితే? రెండోది 32 అవుతుంది, మూడోది 18 అవుతుంది. ఒక్కటి తప్పితే రెండు తప్పు, ఆ తప్పు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతూ బొమ్మ చివరిదాకా పోతూనే ఉంటుంది. మసక తీసేకొద్దీ రొద పెరుగుతుంది. రొద తీసేకొద్దీ మసక పెరుగుతుంది. ఈ ఇద్దరు సవతుల మధ్య సంసారం చెయ్యడమే ఈ విద్యంతా.

పెద్దవాళ్ళకూ ఇది తప్పలేదు. 1990లో అమెరికావాళ్ళు ఆకాశంలోకి పంపిన హబుల్ దూరదర్శిని అద్దం అంచు మైక్రానుకు రెండింతల చిల్లర ఎక్కువ చదునుగా అరగదీశారు. వెంట్రుక మందంలో సుమారు యాభయ్యోవంతు. అంతమాత్రానికే నక్షత్రాలన్నీ మసకబారాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దిద్దుబాటు అద్దాలు పెట్టేదాకా, మూడేళ్ళు శాస్త్రజ్ఞులు ఇలాంటి లెక్కలతోనే నెట్టుకొచ్చారు. అద్దంలో తప్పు ఎంతో ఖచ్చితంగా తెలుసు కాబట్టి అది సాధ్యమైంది.

మాకు తెలియవలసిందీ అదే. తల ఎటు తిరిగింది, ఎంత తిరిగింది? మా మనవడు ఫొటోను శ్రద్ధగా స్కాను చేసి, పెద్దది చేసి చూస్తూ, "దొరికింది తాతయ్యా!" అని కేకేశాడు. పెళ్ళిలో వీడియోవాడి దీపం మా తమ్ముడి కళ్ళల్లో మెరిసింది. మామూలుగా అయితే అది చుక్కలా ఉండాలి. ఇక్కడ గీతలా ఉంది. గీత పొడవు ఇరవైమూడు చుక్కలు. కుడినుంచి ఎడమకు, కొంచెం కిందికి వాలి. అంటే ముఖంలో ప్రతి చుక్కా అంతమేర, ఆ దిక్కుగానే చెదిరింది. ముగ్గుమీద వీచిన గాలి కొలత దొరికింది.

మధ్యలో ఒక మాట. పాత ఫొటోలు బాగుచేయించుకోదలచినవాళ్ళు వాటిని ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపకండి. ఫోనులో ఫొటోలు తక్కువ చోటులో ఇమడడానికి వాటిని ఎనిమిదేసి చుక్కల చదరాలుగా కోసి, సన్నటి వివరాలను తగ్గిస్తారు. దానికి ఆధారమైన లెక్కను 1974లో ప్రకటించిన ముగ్గురిలో కామిశెట్టి రామమోహనరావుగారొకరు. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ప్రొఫెసరుగా చేశారు. ఆ లెక్క లేకపోతే మనం ఇన్ని ఫొటోలు పంపుకోగలిగేవాళ్ళమే కాము. కాని బాగుచెయ్యవలసిన ఫొటోకు ఆ పోయిన సన్నటి వివరమే ప్రాణం.

లెక్క ఒక రాత్రంతా నడిచింది. వీనరుగారి మర్యాద ఎంత పాటించాలో తెలీక, కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ చేస్తూ నలభై బొమ్మలు తీశాం. తెల్లవారుజామున ఒకటి నాకు నచ్చింది. బాగుందని కాదు. గరుకుగా, రవ్వదోసెలా చుక్కలు చుక్కలుగా ఉంది. చెవి చుట్టూ నీళ్ళలో రాయి వేసినట్టు వలయాలున్నాయి. కాని ముక్కు మావాళ్ళ ముక్కే. ఎడమ కనుబొమ్మ మధ్యలో కనిపించీ కనిపించనట్టు ఒక తెంపు ఉంది. అంతలోనే అనుమానం: అక్కడ మచ్చ ఉందని నాకు తెలుసు కాబట్టి నా కళ్ళు కల్పించుకుంటున్నాయేమో! అందుకని ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఆ మచ్చ సంగతి బొత్తిగా తెలియని మా తమ్ముడి కూతురికి పంపాను. వాట్సాప్‌లో కాదు.

సాయంత్రం ఫోను చేసింది. "పెదనాన్నా, మొదటిదే బాగుంది గదా! ఇందులో ఎడం కనుబొమ్మ మీద గీతేమిటి? ఫొటో చిరిగిందా?"

నాకు మాట రాలేదు. ఫోను మా మరదలి చేతికిచ్చాను. కోతికొమ్మచ్చి కథ కూతురికి ఆమే చెప్పింది. ఇన్నేళ్ళకు మొదటిసారి.

ఇక కేసెట్టు. మా మనవడు దాన్ని అద్దంలా శుభ్రం చేశాడు. మూలుగు లేదు, "స్‌స్‌స్" లేదు, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం ఎంత గాఢంగా ఉందంటే నూతిలోకి తొంగిచూసినట్టుంది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది మా ఇల్లులా అనిపించలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడుంది గనక? "ఏం చేశావురా?" అంటే, పాట లేనిచోట ఉన్న చిన్న చిన్న చప్పుళ్ళన్నీ రొదేనని యంత్రానికి చెప్పానన్నాడు.

మచిలీపట్నంలో తుఫానులను కనిపెట్టే రాడారు ఉంది. చెట్లు, కట్టడాలు కదలవు కాబట్టి, కదలని వాటినుంచి వచ్చే ప్రతిధ్వనులను అది వడకట్టేస్తుంది. కాని రాడారు చూపుకు అడ్డంగా పోయే వాన దగ్గరకూ రాదు, దూరమూ కాదు కాబట్టి, అదీ కదలనట్టే కనిపిస్తుంది. జాగ్రత్త పడకపోతే చెట్లతోపాటు ఆ వానా జల్లెడలో పోతుంది. ఏది రొదో యంత్రానికి తెలీదు, మనం చెప్పినదే దానికి వేదం. ఈ సంగతి చదివినది గుర్తువచ్చి, "ఆ మూలుగు గీతలు మాత్రం తీసి, తక్కినది కొంచెం కొంచెంగా తగ్గించు. పూర్తిగా నరకకు" అన్నాను. వాడు మొదటినుంచి మళ్ళీ చేశాడు.

నడవలోనే కూర్చుని విన్నాం. నేనూ, మా మరదలూ, గృహప్రవేశానికి పిలవడానికి వచ్చిన మా తమ్ముడి కూతురూ. టేపు చప్పుడు కొంచెం ఉంది. వీధిలో బండి పోయింది. ఎక్కడో కాకి అరిచింది. రెండో పాట అయింది. అమ్మ ఊపిరి తీసుకుంది. అప్పుడు, దూరంగా, వీధి గుమ్మంలోంచి ఒక మగగొంతు: "అమ్మా! సైకిలు తాళం ఏదే?"

"గూట్లో ఉంది చూడరా" అంది అమ్మ.

మా మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల ఎవరి ముఖమూ చూడలేదు. చెయ్యి చాపి, వెనక్కు తిప్పి, మళ్ళీ పెట్టింది.